పిండినల్లికి బహిరంగ లేఖ

పిండినల్లీ,

ఫాల్గుణం వచ్చిందంటే మిద్దెతోటలో పనికి అంతుండదు. కాపు ఉడిగిన టమాటా, వంగ మొక్కలు పీకేసి, కుండీల్లో పాత మట్టి తిరగబోసి ఎండబెట్టాలి. మాగిన పశువుల ఎరువు, గుప్పెడు వేపపిండి కలపాలి. ఎండలు ముదరకముందే బెండ, గోరుచిక్కుడు గింజలు పెట్టాలి. బీరకు, సొరకు పందిరి వేయాలి. మల్లె మొగ్గ తొడిగే రోజులు కాబట్టి దానికి నీళ్లు తప్పకూడదు. కరివేపాకు ముదురు కొమ్మలు కత్తిరిస్తే గానీ లేత చిగురు రాదు. ఇవన్నీ ఉద్యోగాలు, వంటలు, పిల్లల పరీక్షల మధ్యనే జరగాలి. సరిగ్గా ఆ రోజుల్లోనే నువ్వు మందారం చిగురులో కాపురం పెడతావు. నీమీద నా కోపం అందుకే.

ఆకు అడుగున, కణుపు సందుల్లో, మొగ్గ తొడిమ కింద దాక్కుని రసం పీలుస్తావు. చిగురు ముడుచుకుపోతుంది, మొగ్గ విచ్చకుండానే రాలిపోతుంది. నువ్వు వదిలే తియ్యటి జిగురు కింది ఆకుల మీద పడి, వాటికి నల్లటి మసి పట్టిస్తుంది. ఆ జిగురుకు ఆశపడి చీమలు నీకు కాపలా కాస్తాయి. నిన్ను తినడానికి వచ్చే పురుగులను తరిమేస్తాయి, నీ పిల్లలను పక్క కొమ్మకు మోసుకెళ్తాయి. అందుకే మందారం కాండం మీద చీమల బారు కనబడగానే నేను ఆకులు తిప్పి చూస్తాను. చీమలను ఆపకుండా నీమీద ఎన్ని మందులు కొట్టినా దండగే.

నీ ఒంటిమీది మైనపు పొడి నీకు రక్ష. ఉత్త నీళ్లు దానిమీద నిలవవు. కానీ గుడ్డులోంచి అప్పుడే వచ్చిన నీ పిల్లలకు ఆ మైనం ఇంకా పట్టి ఉండదు. నిన్ను దెబ్బతీయాల్సింది అప్పుడే. లీటరు నీళ్లలో 5 మిల్లీలీటర్ల వేపనూనె, కాస్త సబ్బునీళ్లు కలిపి, ఎండ తగ్గాక ఆకు అడుగు తడిసేలా కొట్టాలి. ఒక్కసారితో సరిపోదు. దూదిలాంటి సంచిలో నువ్వు వందల గుడ్లు దాచిపెడతావు కాబట్టి వారం వారం మళ్లీ కొట్టాలి. మిగతా పనుల ఒత్తిడిలో ఆ రెండో వారం తప్పిందంటే తోట నీదే.

నువ్వు సామాన్యమైన దానివని నేననను. బొప్పాయిని పట్టే నీ జాతి మధ్య అమెరికా ప్రాంతం నుంచి వచ్చి, 2008లో కోయంబత్తూరులో బయటపడింది. తమిళనాట బొప్పాయి, మల్బరీ, కర్రపెండలం రైతులను ఏడిపించింది. రసాయన మందులకు లొంగలేదు. చివరకు 2010లో ప్యూర్టోరికో నుంచి తెప్పించిన అసెరోఫాగస్ అనే చిన్న పరాన్నజీవి కందిరీగ దాన్ని అదుపులోకి తెచ్చింది. ఆ కందిరీగ పిల్ల నీ ఒంట్లోనే పెరిగి నిన్ను చంపుతుంది. డబ్బా మందు చేయలేని పని కంటికి ఆనని ఆ ప్రాణి చేసింది. నా తోటలోకి ఘాటైన విషం రానివ్వకపోవడానికి కారణం ఇదే. అది నీకంటే ముందు నీ శత్రువులను చంపుతుంది.

ఆ శత్రువుల్లో అక్షింతల పురుగు ఒకటి. 1898లో ఆస్ట్రేలియా నుంచి మన దేశానికి తెచ్చిన క్రిప్టోలీమస్ కూడా ఆ కుటుంబానిదే. దాని పిల్లపురుగు తెల్లటి మైనపు పోగులతో అచ్చం నీలాగే ఉంటుంది. నీకంటే పెద్దది, చురుగ్గా తిరుగుతుంది. ఎంతోమంది అదీ నువ్వేననుకుని నలిపేస్తున్నారు. అది చూస్తే నాకు కడుపు తరుక్కుపోతుంది.

కాబట్టి పిండినల్లీ, ఈ వసంతంలో మందారం నీకు వదలను. గింజలు పెట్టడం నాలుగు రోజులు ఆలస్యమైనా ఫర్వాలేదు, ఆకుల అడుగు చూడటం మాత్రం వాయిదా వేయను.

ఇక ఇరుగుపొరుగు తోటలవారికి నా విన్నపం. పిండి పట్టిన కొమ్మలు కత్తిరించాక గోడ అవతల ఖాళీ స్థలంలోకి విసరకండి. అక్కడి వయ్యారిభామ మీద పెరిగి, గాలితోనూ చీమలతోనూ అది మళ్లీ మన కుండీలకే వస్తుంది. ఆ కొమ్మలను సంచిలో బిగించి కట్టి మండుటెండలో పడేయండి. నర్సరీ నుంచి తెచ్చిన మొక్కను రెండు వారాలు విడిగా పెట్టి చూశాకే మిగతావాటితో కలపండి. తెల్లగా కనిపించిన పురుగు చకచకా నడుస్తుంటే దాన్ని బతకనివ్వండి.