అమ్మమ్మ సూత్రానికి త్రేన్పుసంజీవని

మూలం: "కడుపుబ్బరంగా ఉందట్రా? కొట్టుకెళ్లి నిమ్మకాయ సోడా కొట్టించుకో. తగ్గకపోతే వాము నమిలి పడుకో. అప్పటికీ తగ్గలేదో, పొద్దున్నే ఆముదం!"

అవతారిక: ఈ సూత్రానికి కర్త అమ్మమ్మ. ఏ ఊరి అమ్మమ్మ అని అడగకూడదు, ఇంటికొకరు చొప్పున ఉండేవారు. సందర్భం పెళ్లి భోజనం. మనవడు బూరెల పంక్తిలో పరాక్రమం చూపించి వచ్చి అరుగు మీద పొర్లుతున్నాడు. కొల్చారం మల్లినాథసూరి కాళిదాసు కావ్యాలకు వ్యాఖ్య రాసి 'సంజీవని' అని పేరు పెట్టాడు. ఆ దారినే ఈ వ్యాఖ్యకు 'త్రేన్పుసంజీవని' అని నామకరణం. ఇది వైరిసమాసం అని పండితులు ముక్కు విరిస్తే, 'గోళీసోడా' ఏ సమాసమో ముందు వారినే తేల్చమనండి.

ప్రతిపదార్థం:

కడుపుబ్బరంగా ఉందట్రా = చూడటానికి ప్రశ్నేగానీ, నిజానికి రోగనిర్ధారణ. ఆవిడ నాడి పట్టుకోలేదు, నాలుక చూడలేదు. విస్తట్లో ఎన్ని బూరెలు పడ్డాయో దూరం నుంచే లెక్కపెట్టింది. ఇంతకన్నా నమ్మకమైన పరీక్ష ఏ ల్యాబులోనూ లేదు.

కొట్టుకెళ్లి = సందు చివర కిళ్లీకొట్టుకు వెళ్లి. మందుల షాపుకు కాదని గ్రహించాలి. వైద్యం, విలాసం ఒకే గడపలో దొరికిన రోజులవి.

నిమ్మకాయ సోడా కొట్టించుకో = ఈ పదం దగ్గర వ్యాఖ్యాత కాసేపు కూర్చోవాలి. సోడాను తెరవరు, మూత తీయరు. కొడతారు. కొట్టువాడు నీళ్ల తొట్లోంచి ఆకుపచ్చ సీసా పైకి లాగి, గోనెపట్టాతో తుడిచి, మూతి మీద చెక్క బిళ్ల పెట్టి అరచేత్తో ఒక్క పోటు పొడుస్తాడు. 'కుయ్' మంటూ గోళీ లోపలికి దిగుతుంది. అడుగున ఉప్పు, నిమ్మరసం ఉన్న గ్లాసులో సోడా పోయగానే నురగ అంచు దాటి అతని వేళ్ల మీదుగా కారుతుంది. ఆగి, ఆలోచించి తాగేది కాదిది. ముక్కుపుటాలు మండి కళ్లలో నీళ్లు తిరిగాయంటే సరుకు మంచిదని అర్థం.

తిన్నగా సీసా ఎత్తి తాగేవాడికి మరో శాస్త్రం తెలియాలి. మెడ దగ్గర రెండు నొక్కులుంటాయి. అవి కిందివైపు ఉండేలా పట్టుకుంటే గోళీ వాటిలో చిక్కి ఆగుతుంది. నొక్కులు పైవైపు ఉండేలా పట్టినవాడికి గోళీ వచ్చి మూతికి అడ్డం పడుతుంది, కొట్టు దగ్గరి జనం నవ్వుతారు.

పూర్వపక్షం: సోడా అమ్మమ్మది ఎలా అవుతుంది, దొరలది కదా?

సమాధానం: అవును, దొరలదే. హైరమ్ కాడ్ అనే ఇంగ్లండు ఇంజనీరు 1872లో ఈ గోళీ సీసాకు పేటెంటు పుచ్చుకున్నాడు. సీసాను తలకిందులు చేసి గ్యాసు ఎక్కిస్తే, గోళీ మెడలోకి జారి రబ్బరు వాషరుకు అతుక్కుంటుంది. లోపలి గ్యాసే దాన్ని బయటికి తోస్తూ బిగించి ఉంచుతుంది. మూత పెట్టే పని సీసాలో బంధించినవాడికే అప్పగించాడన్నమాట. కిరీటం మూతలు వచ్చాక కాడ్‌ను వాళ్ల దేశం మరిచిపోయింది. మన కిళ్లీకొట్లు మరవలేదు. పైగా మందపాటి కళ్లద్దాలకు సోడాబుడ్డి అని పేరు పెట్టి, ఎన్నికల కొట్లాటల్లో ఆయుధంగా వాడి, ఆ సీసాకు పూర్తి పౌరసత్వం ఇచ్చేశాం.

సోడా మందుగా మొదలైంది అనడమూ అబద్ధం కాదు. నీళ్లలో గ్యాసు కలిపే పద్ధతిని 1772లో ప్రకటించిన జోసెఫ్ ప్రీస్ట్లీ, అది ఓడల మీద నావికుల స్కర్వీని కుదురుస్తుందని ఆశపడ్డాడు. కుదర్చలేదు. 1886లో కోకకోలా కలిపిన పెంబర్టనూ మందులవాడే. కాబట్టి అమ్మమ్మ సోడాను ఔషధవర్గంలో చేర్చడం సంప్రదాయవిరుద్ధం కాదు.

తర్కవిచారం: సోడా తాగగానే బ్రేవుమని త్రేన్పు వచ్చింది, త్రేన్పు వచ్చింది గనుక ఉబ్బరం తగ్గింది. ఈ అనుమానప్రమాణం మీద మూడు తరాల తెలుగువాళ్లు ఆధారపడ్డారు. నైయాయికుడు దీన్ని ఒప్పుకోడు. పైకి వచ్చిన గ్యాసులో సింహభాగం ఇప్పుడే డబ్బులిచ్చి లోపలికి పంపినది. హేతువు దుష్టమైనా సుఖం మాత్రం ప్రత్యక్షం. ప్రత్యక్షానికి ఎదురుగా తర్కం ఎప్పుడు గెలిచింది గనక!

వాము నమిలి పడుకో = రెండో మెట్టు. చిటికెడు వాము, రెండు ఉప్పురవ్వలు, నాలుక మీద కారం, గొంతులో వెచ్చదనం. దీని ఘాటు థైమాల్ వల్ల. జిందా తిలిస్మాత్‌లోనూ యూకలిప్టస్ నూనె, కర్పూరం, పుదీనా పువ్వు పక్కన ఈ థైమాలే ఉంది. హైదరాబాదులో 1920లో హకీం మొయిజుద్దీన్ ఫారూఖీ తయారుచేసిన ఆ ఎర్రమందును, పోపులడబ్బాలో ఉన్న ఈ గింజను అన్నదమ్ములనుకోవచ్చు.

పాఠాంతరాలు: తెలంగాణ ప్రతుల్లో 'వాము' స్థానంలో 'ఓమ' అని, తరవాత "లేకుంటే జిందా తిలిస్మాత్ రెండు చుక్కలెయ్యి" అని అదనపు పాఠం ఉంది. కర్నూలు ప్రతి సోడాలో నన్నారి కలపమంటుంది. వేసవికి ఇదే గ్రాహ్యం. గోదావరి ప్రతి ఒకటి రామచంద్రపురం కూల్‌డ్రింకు ఆర్టోస్‌ను చేర్చింది. అది వైద్యం కాదు, ఊరి అభిమానం. తలనొప్పిది వేరే ప్రకరణం. అక్కడ అగ్రతాంబూలం కాశీనాథుని నాగేశ్వరరావు పంతులుగారిది. 1893లో బొంబాయిలో అమృతాంజనం మొదలుపెట్టి, 1908లో ఆంధ్రపత్రిక పెట్టారు. నుదుటికి ఆయన మందు, కళ్లకు ఆయన పత్రిక.

పొద్దున్నే ఆముదం = ఇక్కడ క్రియ లేదు. "తాగిస్తాను" అన్న మాట అధ్యాహారం. భయం పుట్టించడానికి క్రియ అక్కర్లేదని కర్తకు తెలుసు. ఇది గానుగ సరుకు కాదు, వంటాముదం. గింజలు వేయించి, దంచి, నీళ్లలో ఉడికించి, పైకి తేలిన నూనెను గరిటెతో తీసింది. వాసన తెలియకుండా వేడి కాఫీలో పోసి ఇచ్చేవారు. వాసన పోలేదు సరికదా, కాఫీ మీద కూడా విరక్తి పుట్టింది. ఆ రోజంతా చారన్నం, పెరటి దారి. సూత్రంలో గొప్ప మందు ఇదే అని నా సిద్ధాంతం. ఆ పేరు వినగానే సగం మందికి సోడాతోనే తగ్గిపోయేది.

అలంకారం: కొట్టు, కొట్టించు అన్నచోట యమకం. రసాలంటారా, ఆముదం దగ్గర రౌద్రం, కాఫీ దగ్గర కరుణ.

ఆధునికుల ఆక్షేపణ: ఇవన్నీ పోయాయని వగచేవాళ్లున్నారు. పోయినవి ఏవో చూద్దాం. సోడా పోలేదు. దాన్ని 'గోలీ పాప్ సోడా' అని ముస్తాబు చేసి గల్ఫుకు పంపిస్తున్నారని 2025లో కేంద్ర వాణిజ్యశాఖవారే ప్రకటించారు. వాము పోలేదు, జిందా తిలిస్మాత్ పోలేదు. ఆముదం కోసం మాత్రం ఒక్కడూ కన్నీరు కార్చడు. పాతరోజులు మళ్లీ రావాలని ఫేస్‌బుక్కులో రాసేవాణ్ని పిలిచి, ముందు ఒక గరిటె ఆముదం పుచ్చుకో అంటే ఎందరు నిలబడతారో చూడాలని ఉంది. మనం జ్ఞాపకాల్లో ఉంచుకున్నది అమ్మమ్మ సూత్రంలో మొదటి రెండు మెట్లే. మూడోది దాటేశాం.

ఫలశ్రుతి: ఈ వ్యాఖ్య చదివినవారికి పెళ్లిభోజనం అరుగుగాక. అయితే ఒక్క మాట వ్యాఖ్యాతగా కాక ఇంటిమనిషిగా చెబుతున్నాను. పసిపిల్లలకు ముక్కు మూసి ఆముదం పొయ్యకండి. అది ఊపిరితిత్తుల్లోకి జారితే న్యుమోనియా తెస్తుంది. ఛాతీలో బరువుగా ఉండి, చెమటలు పట్టి, ఎడమ చెయ్యి లాగుతుంటే "గ్యాసేలే" అని కొట్టుకు పంపకండి. అది ఈ సూత్రం పరిధిలోది కాదు. వెంటనే 108కి ఫోన్ చెయ్యండి.