సిగ్గు పోగొట్టుకోకండి

నలుగురిలో నోరు పెగలని వాళ్ళకి మన దగ్గర దొరికే సలహా ఒక్కటే: మారు. కళ్ళలోకి చూసి మాట్లాడు, పరిచయాలు పెంచుకో, ముందు వరసలో కూర్చో. వ్యక్తిత్వ వికాసం పుస్తకాల్లోనూ ఇదే, ఇంటికొచ్చిన మేనమామ నోటా ఇదే. నేను చెప్పేది దీనికి పూర్తిగా ఎదురు. ఇవేవీ చేయకండి. తలుపేసుకుని జపాన్ యానిమే చూడండి. కత్తులూ రాక్షసులూ ఉన్నవి మాత్రం వద్దు. తెలుగు డబ్బింగుతో 2025లో మన థియేటర్లకొచ్చిన డీమన్ స్లేయర్ మంచిదే, కానీ ధైర్యవంతుల కథలు మీకిప్పుడు పనికిరావు.

గెన్‌షికెన్‌తో మొదలుపెట్టండి. కియో షిమోకు గీసిన ఈ మాంగా, అంటే బొమ్మల కథ, 2002 నుంచి 2006 దాకా ఆఫ్టర్‌నూన్ అనే మాసపత్రికలో వచ్చింది. 2004లో యానిమే అయింది. ఒక యూనివర్సిటీలో యానిమే, మాంగా, గేముల పిచ్చి ఉన్న కుర్రాళ్ళ క్లబ్బు, దానికో ఇరుకు గది. కథలో చాలా భాగం ఆ గదిలోనే జరుగుతుంది. కొత్తగా వచ్చిన ససహరాకి తనకీ ఆ పిచ్చి ఉందని ఒప్పుకోవడానికే మొహమాటం. సీనియర్లు అతన్ని గదిలో వదిలేసి వెళ్ళి దూరం నుంచి గమనిస్తారు. అతను పెద్దలకు మాత్రమే అన్న పుస్తకం ఒకటి తీయగానే వచ్చి పట్టుకుంటారు. అంతే, క్లబ్బులో చేరిపోయినట్టే. పేరూ ఊరూ చెప్పుకుని, కరచాలనాలు చేసి చేరిన చోట మనిషి ఎంతకాలం నిలుస్తాడు? పరిచయం చేసుకోకండి. అలమరలో ఏ పుస్తకాలున్నాయో చూసి, ఒకటి తీసి చదువుతూ కూర్చోండి.

మనసులో ఉన్నది వెంటనే బయటపెట్టమనే వాళ్ళ మాట అసలే వినకండి. ఇదే కథలో మదరామె అనే సీనియర్ ఉన్నాడు. కళ్ళద్దాలు, బక్కపలచని మనిషి, యానిమే గురించైతే గంటలకొద్దీ వాదిస్తాడు. ఒక రోజు గదిలో అతనూ కసుకబే సాకీ మాత్రమే మిగులుతారు. సాకి ఆ గదికి వచ్చేది తన ప్రియుడు కోసాకా కోసం. ఈ పిచ్చివాళ్ళంటే ఆమెకి ఒళ్ళుమంట. మదరామె చేతిలో పుస్తకం పట్టుకుని చదువుతున్నట్టు నటిస్తుంటాడు. అంతలో ఆమె ముక్కులోంచి ఒక వెంట్రుక కనిపిస్తుంది. చెప్పాలా, మానాలా? చెబితే ఎలా చెప్పాలి? తనకు తెలిసిన గేముల్లో లాగా ఒక్కో జవాబూ వేసి చూసుకుంటూ లోపల్లోపల నలిగిపోతాడు. తర్వాత అతను ఆమెని ప్రేమిస్తాడు. ఆ సంగతి చెప్పడానికి ఏళ్ళు పడుతుంది, చెప్పాక ఆమె కాదంటుంది. ఆ ఏళ్ళు వృథా అని మీరంటే నేను ఒప్పుకోను. చెప్పకుండా ఉన్నన్నాళ్ళూ అతను ఆమెని ఎంత శ్రద్ధగా చూశాడో, చకచకా చెప్పేసే వాళ్ళెవరూ అలా చూడరు.

చదువైపోయాక కాలేజీ వదిలేయమంటారు. వదలకండి. ఉద్యోగంలో చేరాక కూడా మదరామె మధ్యాహ్నం భోజనానికి ఆ గదికే వస్తాడు. ఆఫీసు దగ్గర్లోనే. జీవితంలో ముందుకెళ్ళడమంటే వెనకటి గదికి తాళం వేయడమని ఎవరు చెప్పారు?

దీన్ని పారిపోవడం అనే ముందు ఒక్క సంగతి తెలుసుకోవాలి. 1989లో పసిపిల్లల్ని చంపిన ఒక హంతకుడు జపాన్‌లో పట్టుబడ్డాడు. అతని గదిలో యానిమేతో సహా వేల వీడియో క్యాసెట్లు బయటపడ్డాయి. ఆ తర్వాత యానిమే, మాంగా పిచ్చి ఉన్న కుర్రాళ్ళందరినీ లోకం అనుమానంగా చూసింది. అలాంటి వాళ్ళకి తలుపేసుకునే గది ఒకటి ఉండటం చిన్న విషయం కాదు.

ఇక బోచ్చి ది రాక్. 2022 నాటి యానిమే. గోతో హితోరి అనే అమ్మాయి మూడేళ్ళపాటు పరుపులు దాచే అల్మరాలో కూర్చుని గిటార్ సాధన చేసింది. మొదటి కచేరీలో జనాన్ని చూడలేక మామిడిపళ్ళ అట్టపెట్టెలో దూరి, అందులోంచే వాయిస్తుంది. మీకూ అంతే భయమైతే పెట్టె వెతుక్కోండి, తప్పేం లేదు. చివరి ఎపిసోడ్‌లో స్కూలు వేదిక మీద గిటార్ తీగ తెగిపోతే, దొరికిన గాజుగ్లాసు తీగలమీద జరిపి సోలో పూర్తి చేస్తుంది. ఆమెను ఆదుకున్నది అల్మరాలో చేసిన సాధనే. మాట్లాడటం అప్పటికీ రాలేదు.

ఎప్పుడైనా టోక్యో వెళ్తే ఆగస్టులోనో డిసెంబరులోనో వెళ్ళి, బిగ్ సైట్‌లో జరిగే కామిక్ మార్కెట్ చూడండి. 1975లో మొదలైనప్పుడు వచ్చింది 700 మంది. ఇప్పుడు లక్షల్లో వస్తారు. వరసల్లో బల్లలు, బల్లల మీద అభిమానులు సొంతంగా గీసి అచ్చువేయించుకున్న పుస్తకాలు. కొనేవాళ్ళు ఒకటి తీసి తిరగేస్తారు, డబ్బిస్తారు, తల వంచుతారు, వెళ్ళిపోతారు. నోరు విప్పనక్కర్లేకుండా ఇంత పెద్ద తిరునాళ్ళు నడవగలవని మనవాళ్ళకి చెబితే నమ్మరు.

మీ ఇష్టాన్ని స్నేహితులకి నచ్చజెప్పకండి. వాదించి గెలిపించిన ఇష్టం రెండు రోజుల్లో పోతుంది. ఈ శనివారం ఎవరైనా పార్టీకి పిలిస్తే రానని చెప్పండి. గెన్‌షికెన్ మొదటి సిరీస్ 12 ఎపిసోడ్లే, వేగం పెంచకుండా, ఏమీ జరగని చోట్లు దాటేయకుండా చూడండి. మీ క్లాసులోనో ఆఫీసులోనో మీలాగే తల దించుకు కూర్చునే మనిషి ఒకరుంటారు. వాళ్ళని పిలిచి పక్కన కూర్చోబెట్టుకోండి. మాట్లాడమని మాత్రం అడక్కండి.