బెల్‌ఫాస్ట్ బండి

1971 మే 22, శనివారం. డబ్లిన్ నుంచి బెల్‌ఫాస్ట్ వెళ్ళే పొద్దుటి రైల్లో నలభై మందికి పైగా ఆడవాళ్ళు ఎక్కారు. వాళ్ళలో పిల్లల తల్లులున్నారు, పెళ్ళికానివాళ్ళున్నారు, పత్రికల్లో రాసేవాళ్ళున్నారు. వెళ్తున్నది బజారు పని మీదే. కాకపోతే కొనబోయే సరుకు ఐర్లండులో అమ్మడం నేరం.

గర్భం రాకుండా ఆపే ఏ సాధనాన్నీ అమ్మకూడదని 1935లోనే చట్టం చేశారు. పరాయి దేశం నుంచి తెచ్చుకుంటే కస్టమ్స్‌వాళ్ళు లాక్కునేవాళ్ళు. చర్చి కాదన్నది చట్టం ఔననే రోజులు కావవి. అదే కాలంలో మన కిరాణా కొట్లలో నిరోధ్ పదిహేను పైసలకు మూడు వచ్చేవి, ఊరూరా గోడల మీద కుటుంబ నియంత్రణ ఎర్ర త్రికోణం కనిపించేది.

గర్భనిరోధక మాత్రకు, అంటే పిల్‌కు, మాత్రం ఐర్లండులో ఒక దొడ్డిదారి ఉండేది. నెలసరి సరిచేసే మందని డాక్టరు చీటీ రాస్తే అదే మాత్ర డబ్లిన్‌లోనూ దొరికేది. ఐర్లండు ఆడవాళ్ళకే ఇన్ని నెలసరి బాధలెందుకొచ్చాయో ఆరా తీయడానికి ప్రభుత్వానికి తీరిక లేదు. అయితే ఆ దారి డాక్టరు దయ ఉన్నవాళ్ళకే, ఫీజు కట్టగలిగినవాళ్ళకే.

బెల్‌ఫాస్ట్ బ్రిటన్ పాలనలోది, అక్కడ ఈ అమ్మకం తప్పు కాదు. గుంపంతా మందుల షాపులో దిగింది. నిరోధ్‌లు, జెల్లీ ట్యూబులు అడిగినన్ని ఇచ్చారు. పాత్రికేయురాలు నెల్ మెకాఫర్టీ పిల్ అడిగింది. డాక్టరు చీటీ ఏదన్నారు. పోనీ గర్భాశయంలో పెట్టే లూప్ ఇమ్మంది. అది డాక్టరే పెట్టాలన్నారు. మగవాడు తొడుక్కునేదైతే బల్ల మీద పరిచి అమ్మేవారు. ఆడమనిషి తన చేతిలో ఉంచుకోగలిగినదానికి మాత్రం ఇంకొకరి సంతకం కావాల్సి వచ్చేది. చట్టం అడ్డులేని ఊళ్ళోనూ ఇంతే. నెల్ వట్టి చేతులతో బయటికి రాలేదు. తిరుగు బండి వేళకు ఆమె సంచీలో మాత్రల పెట్టెలు నిండుగా ఉన్నాయి.

సాయంత్రం డబ్లిన్ కనోలీ స్టేషన్. గేటు దగ్గర కస్టమ్స్ అధికారులు, ఈ ఆడవాళ్ళను వదలమని గేటు అవతల కేకలు పెడుతున్న జనం. ఆడవాళ్ళు ఏదీ దాచలేదు. నిరోధ్ పొట్లాలు పైకెత్తి ఊపారు, కొన్నిటిని అవతలివాళ్ళకు విసిరారు. పట్టుకుంటే పట్టుకోమన్నారు. అధికారుల కళ్ళెదుటే మాత్రలు తీసి గుటుక్కున మింగారు. పాపం, ఆ పెద్దమనుషులకు ఎటు చూడాలో తోచలేదు. స్మగ్లర్లనైతే జుట్టు పట్టుకుని ఈడ్చేవాళ్ళే కానీ, నిరోధ్ పొట్లం చేతపట్టి కళ్ళలోకి సూటిగా చూసే ఇల్లాలిని ఏం చేయాలో ఏ రూల్స్ పుస్తకంలోనూ రాసిలేదాయె. దారి వదిలేశారు. ఒక్క అరెస్టూ లేదు.

ప్రభుత్వం చట్టం మార్చడానికి ఎనిమిదేళ్ళు పట్టింది. 1979లో ఆరోగ్యమంత్రి చార్లెస్ హాహీ తెచ్చిన కొత్త చట్టం అమ్మకానికి ఒప్పుకుంది, నిరోధ్‌కు కూడా డాక్టరు చీటీ ఉంటేనే! అదీ నిజంగా కుటుంబ నియంత్రణ కోసమో, తగిన వైద్య కారణంతోనో అని డాక్టరు నమ్మాలి. 1985 దాకా ఇదే తంతు.

ఇంతకీ స్టేషన్లో మింగిన మాత్రల సంగతి నెల్ తర్వాత చెప్పింది. పిల్ ఎలా ఉంటుందో ఆ అధికారులు ఏనాడైనా చూశారా అనుకుని, చీటీ అడగని మాత్రలేవో కొనేసిందట. దేశ నీతికి కాపలా కాసేవాళ్ళ తలలు దించేసినవి, తలనొప్పికి డబ్లిన్‌లోనూ దొరికే ఆస్పిరిన్ బిళ్ళలు.