నది అద్దెకివ్వబడును

అమెరికా వాళ్లకు నదుల్ని బాగుచేసుకోవడం చేతకాదు. డబ్బుంది, యంత్రాలున్నాయి, చదువుకున్న వాళ్లున్నారు. లేనిదల్లా లౌక్యం. 1969 జూన్ 22న క్లీవ్‌లాండ్‌లో కయహోగా నది అంటుకుంది. నది అంటుకోవడమేమిటని నోరు వెళ్లబెట్టకండి. అదీ మా భిలాయి లాంటి ఉక్కు ఊరే. ఒడ్డున ఫ్యాక్టరీలు, నీటి మీద నూనె తెట్టు. నిప్పురవ్వ ఒకటి పడింది, భగ్గుమంది. అరగంటలో ఆర్పేశారు. నష్టం యాభై వేల డాలర్లు, అదీ రెండు రైలు వంతెనలకు. ఆ నది అంతకుముందు వందేళ్లలో చాలాసార్లు తగలబడితే ఎవరూ పట్టించుకోలేదు. ఈసారి మాత్రం మేయరు కార్ల్ స్టోక్స్ మర్నాడే విలేకరుల్ని వెంటేసుకుని ఒడ్డుకు పోయాడు. జనం గోల పెట్టారు. 1972లో స్వచ్ఛ జలాల చట్టం వచ్చింది. 2019కి ఆ నదిలో పట్టిన చేపల్ని తినొచ్చని అధికారులే చెప్పారు. చిన్న మంటకు యాభై ఏళ్ల చాకిరీ! అదే మా దగ్గరైతే విచారణ కమిటీ వేసి, నిప్పురవ్వ మీద కేసు పెట్టి, ఫైలు మూసేసేవాళ్లం.

అమెరికాలోనే ఫ్లింట్ ఊరి వాళ్లు మొదట్లో బాగానే నడిచారు. 2014 ఏప్రిల్‌లో ఖర్చు తగ్గిద్దామని ఊరి కుళాయిలకు ఫ్లింట్ నది నీళ్లు తిప్పారు. అక్టోబరులో జనరల్ మోటార్స్ ఫ్యాక్టరీ, ఈ నీళ్లకు మా ఇంజను భాగాలు తుప్పు పడుతున్నాయి, మాకొద్దు అంది. సరేనని దానికి వేరే నీళ్లిచ్చారు. పిల్లలు మాత్రం ఇంకో ఏడాది అవే తాగారు. ఇనుము విలువ తెలిసిన ప్రభుత్వం ఎక్కడున్నా మాకు ఆత్మబంధువే. కానీ తర్వాత చెడగొట్టారు. ఆ ఊరి తల్లులు ఊరుకోలేదు. ఇంటింటికీ తిరిగి సీసాల్లో కుళాయి నీళ్లు పట్టి వర్జీనియా టెక్ శాస్త్రవేత్తలకు పంపారు. అందులో సీసం బయటపడింది. సీసాలు పట్టే పని జనానికి అప్పగిస్తే ఇలాంటి నిజాలే బయటపడతాయి.

టొలీడో వాళ్లయితే మరీ. 2019 ఫిబ్రవరిలో ఓట్లేసి ఈరీ సరస్సుకు హక్కులిచ్చారు. సరస్సుకు హక్కులు! ఏడాది తిరగ్గానే కోర్టు కొట్టేసింది. ఆ దేశంలో మన పద్ధతి తెలిసిన వాళ్లు అసలు లేకపోలేదని అప్పుడే నమ్మకం కలిగింది.

వాళ్ల మేలు కోరి భిలాయిలోని మా మరోదా బస్తీ నుంచి ఒక పద్ధతి చెబుతున్నాను. డబ్బు అక్కర్లేదు. నది బాగుపడాలంటే ముందు నది దగ్గర్నుంచి మనుషుల్ని తప్పించాలి. తప్పించాలంటే నదికి ఓనరు ఉండాలి.

1998 అక్టోబరు 5న మేం చేసింది అదే. అప్పటికింకా మాది మధ్యప్రదేశ్. మాకు దగ్గర్లో పారే శివనాథ్ నదిలో దాదాపు 23 కిలోమీటర్ల మేర వ్యవహారం రేడియస్ వాటర్ అనే కంపెనీ చేతికి పోయింది. దుర్గ్ పక్కన బోరాయి పారిశ్రామిక ప్రాంతానికి నీళ్లివ్వడం దాని పని. ఒప్పందం 22 ఏళ్లు. అప్పటికే ప్రభుత్వం కోట్లు పెట్టి కట్టిన నీటి సరఫరా ఆస్తుల్ని లీజుకిచ్చారు. లీజు ఒక్క రూపాయి. మా బస్తీలో రూపాయికి ఇప్పుడు ఒక చాక్లెట్ వస్తే గొప్ప.

అందులో ఇంకో సొగసుంది. ప్రభుత్వ సంస్థ రోజుకు 40 లక్షల లీటర్లకు డబ్బు కట్టి తీరాలన్నది ఒప్పందం. అన్ని నీళ్లు వాడినా వాడకపోయినా కట్టాల్సిందే. నీళ్లు నదివి, ఆస్తులు సర్కారువి, బిల్లు సర్కారుకి. కంపెనీ ఏం పెట్టిందయ్యా అని అడిగితే మీకు వ్యాపారం తెలియదన్న మాట. పేరు పెట్టింది.

ఇక మొహలాయి లాంటి ఒడ్డు ఊళ్ల సంగతి. తాతల నాటి నుంచి వలేసుకున్న చోట వల వేయొద్దన్నారు. పొలానికి నీళ్లు తోడుకునే పంపులు తీసేయమన్నారు. అడుగుపెట్టిన చోటల్లా అతిక్రమణే. నది రాత్రికి రాత్రి ఎక్కడికీ పోలేదు, గుమ్మం ముందే పారుతోంది. దాని దగ్గరికి పోవడానికి మాత్రం వీళ్లకు కారణం ఉండాలి. ప్రజా భాగస్వామ్యం అంటే ఏమిటో సభల్లో గంటలు గంటలు చెబుతారు కానీ ఇంత స్పష్టంగా ఎవరూ చూపించలేదు. ప్రభుత్వం ఒక భాగం, కంపెనీ ఒక భాగం, మిగిలింది స్వామ్యం.

పక్కింటి వాళ్లు చూడండి, ఎంత తెలివితక్కువ. 1997లో ఆంధ్రప్రదేశ్ చట్టం చేసి కాలువల పెత్తనం రైతులకిచ్చింది. పది వేలకు పైగా నీటి సంఘాలు. వాటికి ఎన్నికలు, అధ్యక్షులు, తీర్మానాలు. ప్రపంచ బ్యాంకు భుజం తట్టింది. తర్వాత చాలాచోట్ల అధ్యక్షుడూ కాంట్రాక్టరూ ఒకే చొక్కా తొడుక్కుని తిరిగారు. పది వేల మందిని ఎన్నుకుని ఆ చోటికి చేరడానికి అంత ఖర్చెందుకు? మేం ఒక్క సంతకంతో చేరాం.

గొడవ చేసిన వాళ్లు లేరని కాదు. ఛత్తీస్‌గఢ్ ముక్తి మోర్చా వాళ్లు, నదీ ఘాటీ మోర్చా వాళ్లు, చేపలు పట్టేవాళ్లు, రైతులు ఏళ్ల తరబడి తిరిగారు, కూర్చున్నారు, అరిచారు. 2000లో ఛత్తీస్‌గఢ్ అనే కొత్త రాష్ట్రం వచ్చింది. 2003లో ముఖ్యమంత్రి జోగీ ప్రభుత్వం ఒప్పందం రద్దు చేస్తామని ప్రకటించింది. ప్రకటనలో లోపమేమీ లేదు, చక్కగా ప్రకటించారు. 2007లో అసెంబ్లీ పబ్లిక్ అకౌంట్స్ కమిటీ లెక్కలన్నీ తిరగేసి, వారం రోజుల్లో రద్దు చేయండి, బాధ్యుల మీద కేసు పెట్టండి అంది. వారం గడిచింది. తర్వాత ఇంకా చాలా వారాలు గడిచాయి. ఏళ్లు గడిచినా ఒప్పందం ఒప్పందంగానే ఉండిపోయింది.

బొలీవియా వాళ్లకు ఈ ఓపిక లేదు. కొచబాంబాలో నీటి సరఫరాను కంపెనీకి అప్పజెబితే, ఏడాది కూడా ఆగలేక రోడ్డెక్కి 2000 ఏప్రిల్‌లో ఆ ఒప్పందాన్ని చింపించేశారు. ఓర్పు లేని జాతి.

మా మరోదాకు వద్దాం. ఇక్కడ నీళ్లకు కొరతే లేదు, కావాలంటే వచ్చి చూడండి. కళ్ల ముందు చెరువు సముద్రంలా ఉంటుంది. అది భిలాయి ఉక్కు ప్లాంటు చెరువు. 1921లో పొలాల కోసం కట్టిన తాండులా డ్యాం నీళ్లు, యాభైకి పైగా ఊళ్లను ముంచి కట్టిన గంగ్రేల్ నీళ్లు కాలువల వెంట నడిచొచ్చి ఇందులో పడతాయి. వానలు తగ్గిన ఏడాది ఎండాకాలం వరికి నీళ్లివ్వలేమని రైతులకు చెబుతారు. రైతు అర్థం చేసుకుంటాడు. ఉక్కు అర్థం చేసుకోదు, దానికి మంట ఎక్కువ.

ఉక్కు మీద మాకు కోపమేం లేదు. 1959లో మొదటి కొలిమి వెలిగిన నాటి నుంచి శ్రీకాకుళం, విజయనగరం పల్లెల్లోంచి మూటా ముల్లే కట్టుకొచ్చిన కుటుంబాలకు అన్నం పెట్టింది ఆ ప్లాంటే. కానీ చెరువు గట్టుకు ఇవతల మా బస్తీలో ట్యాంకరు వచ్చే రోజు చూడాలి. నీలం డ్రమ్ములు తెల్లారకముందే బారులు తీరతాయి. డ్రమ్ము లేని వాళ్లు ఇటుకరాయి పెట్టి వెళ్తారు. ఆ ఇటుకకు ఉన్న గౌరవం మనిషికి లేదు. ట్యాంకరు మలుపు తిరగ్గానే పైపు కోసం తెలుగులో మొదలైన తిట్టు ఛత్తీస్‌గఢీలో ఊపందుకుని హిందీలో పోలీసుల దాకా పోతుంది. జాతీయ సమైక్యత చూడాలంటే అక్కడే చూడాలి.

ఆ వరసలో నిలబడ్డ ఒక మామ్మకు మొన్న అమెరికా నుంచి మనవడి వీడియో కాల్.

"మామ్మా, శనివారం మా ఆఫీసు వాళ్లమంతా నదిలో దిగి చెత్త ఏరాం."

"ఏటీ? చెత్త ఏరడానికా నిన్ను అంత దూరం అంపినాం? ఈ మాట మీ అమ్మకి సెప్పకు. సంబంధాలు సూస్తంది."

"సేవ మామ్మా అది! టీషర్టు కూడా ఇచ్చారు."

"నానూ నాలుగింటికి లెగిసి నీళ్ల కాడ నిలబడతన్నాను. నాకెవుడిచ్చాడ్రా టీషర్టు?"

మనవడి దగ్గర జవాబు లేదు. ఆ దేశంలో దీని మీద సర్వే జరిగి ఉండదు.

కొన్నేళ్ల కిందట మా రాష్ట్రంలో నర్వా, గర్వా, ఘుర్వా, బారీ అని నినాదం కూడా వచ్చింది. నర్వా అంటే వాగు. వాగుల్ని బతికించాలన్నారు, గోడల నిండా రాశారు. మంచిదే. వాగుకు వైద్యం, వాగు పోయి కలిసే నదికి అద్దె.

అమెరికా సోదరులకు అర్థమయ్యేలా ఒక టెండరు నమూనా ఇస్తున్నాను. కయహోగాకైనా కొలరాడోకైనా పేరు మార్చి వాడుకోవచ్చు.

ఒకటి: నది ఉన్నది ఉన్నట్టుగా ఇవ్వబడును. ఒడ్డున ఉన్న మనుషుల్ని అద్దెదారు తన సొంత ఖర్చుతో మరిచిపోవలెను.

రెండు: వాన కురిస్తే అది అద్దెదారు ప్రతిభ. కురవకపోతే దైవాధీనం.

మూడు: చేపలకు ఒప్పందం ప్రతి ఇవ్వబడదు.

నాలుగు: రద్దు చేయాలని ఏ కమిటీ అయినా చెప్పినచో, ఆ కమిటీకి టీ, బిస్కెట్లు ప్రభుత్వమే భరించును.

అయిదు: లీజు మొత్తం ఒక్క రూపాయి. చిల్లర లేనిచో తర్వాత చూసుకొనవచ్చును.

ఈ అయిదో షరతు దగ్గర మాత్రం నాకు సర్కారు మీద నిజంగానే కోపమొస్తుంది. ఆస్తులు రూపాయికే ఇస్తున్నామని ఒడ్డు ఊళ్లలో ఒక్క దండోరా వేయించి ఉంటే సరిపోయేది. వలలు తాకట్టు పెట్టయినా, ఇంటికో అయిదు పైసలు చందా వేసుకునైనా, ఆ జాలర్లూ రైతులూ రెండు రూపాయలు పోగేసేవాళ్లు. ఖజానాకు నూటికి నూరు శాతం లాభం. నదిని ఎలా చూసుకోవాలో వాళ్లకు కొత్తగా నేర్పాల్సిన పని లేదు, ఇరవై రెండేళ్ల గ్యారంటీ ఇమ్మని వాళ్లు అడగరు, తోడని నీళ్లకు బిల్లు వేయరు. అందుకే కాబోలు, ఎవరూ వాళ్లకు చెప్పలేదు. మళ్లీ ఎప్పుడైనా ఏ నదికైనా ఇలాంటి కాగితం తయారైతే ముందు మా మరోదా బస్తీకి కబురు పెట్టండి. ట్యాంకరు వరసలో ఉన్న వాళ్లమంతా కలిసి మూడు రూపాయలకు పాడతాం.