మే నెలే ఎక్సైజ్ ఇన్‌స్పెక్టర్

మా వంశంలో బీరు తాగేవాళ్లున్నారు, ఒట్టేసి మానేవాళ్లున్నారు, ఒట్టు మీద ఒట్టేసి తాగేవాళ్లూ ఉన్నారు. చేసేవాడు మాత్రం డాలస్‌లో ఉండే మా మేనల్లుడొక్కడే. అమెరికాలో అది నేరం కాదు. 1978లో జిమ్మీ కార్టర్ సంతకం పెట్టిన చట్టం పుణ్యాన, ఇంట్లో ఇద్దరు పెద్దవాళ్లుంటే ఏడాదికి 200 గ్యాలన్లు, అంటే ఇంచుమించు 750 లీటర్లు, పన్ను లేకుండా సొంతానికి చేసుకోవచ్చు. వికారాబాద్‌లో ఉన్న మా అక్కకు ఈ సంగతి చెప్పలేదు. కొడుకు సాఫ్ట్‌వేరులోనే ఉన్నాడని ఆమె నమ్మకం.

మే నెలలో వాడు తాండూరులోని మా ఇంటికి వచ్చి, పెట్టెలోంచి బట్టల కంటే ముందు థర్మామీటరు తీశాడు.

"మామా, ఇక్కడ ఒక చిన్న బ్యాచ్ ఏద్దమా?"

"లైసెన్సు లేకుండ ఏస్తే ఎక్సైజోళ్లు జీపెక్కిస్తరు అల్లుడా. గా 1968 చట్టం ఇంక బతికే ఉంది."

"ఉత్తగ లెక్కలేస్తే కేసు కాదు గద?"

కాదన్నాను. లెక్కలు మొదలయ్యాయి. ఏల్ రకం బీరుకు ఈస్ట్ 18 నుంచి 22 డిగ్రీల మధ్య సుఖంగా ఉంటుందట. లాగర్ ఈస్ట్‌కు ఎనిమిది నుంచి 13 లోపే ఉండాలట. పైగా పులిసేటప్పుడు అది తన వేడి తానే పుట్టిస్తుంది కాబట్టి, గదిలో 20 ఉంటే డబ్బాలో రెండు మూడు డిగ్రీలు ఎక్కువే ఉంటుంది. థర్మామీటరును మా హాల్లో పెట్టాడు. పొద్దుగూకినా 38 చూపించింది. కింద నాపరాతి బండలు పాపం శాయశక్తులా చల్లగానే ఉంటాయి, పైన స్లాబే పగలు తాగిన ఎండనంతా రాత్రి మా మీద కక్కుతుంది.

ఆ వేడిలో ఈస్ట్, ఎన్నికల ముందు రోడ్డేసే కాంట్రాక్టరులా పని చేస్తుంది. పని త్వరగా అయిపోతుంది, పర్యవసానం తర్వాత తెలుస్తుంది. ఘాటైన ఆల్కహాళ్లు తయారై బీరు రంగుడబ్బా వాసన కొడుతుంది.

ఈ వేడి గోల కొత్తదేం కాదు. 1553లో బవేరియాలో ఏప్రిల్ 23 నుంచి సెప్టెంబరు 29 దాకా బీరు చేయడమే నిషేధించారు. వేసవిలో చేసింది పాడవుతోందని. ఆల్ప్స్ కొండల పక్కనున్న ఊళ్లలో ఎండ ఎక్కువైందట! ఆ నిషేధం పెట్టిన దొర తాండూరుకు వచ్చి ఉంటే ఏడాదంతా నిషేధించి, తనూ మానేసేవాడు. చివరికి 1870లలో కార్ల్ ఫాన్ లిండే చల్లదనాన్ని పుట్టించే యంత్రం చేసి, మ్యూనిక్‌లోని ఒక బ్రూవరీలోనే పరీక్షించాడు. మనం వంకాయలు దాచుకునే ఫ్రిజ్ తాతముత్తాతల్లో ఒక బీరు పీపా ఉందన్నమాట.

ఫ్రిజ్ కొనక ముందు మా అల్లుడు డాలస్‌లో డబ్బాను నీళ్ల టబ్బులో కూచోబెట్టి, తడి టీషర్టు తొడిగి, ఎదురుగా ఫ్యాను పెట్టేవాడట. మా ఆవిడ నవ్వింది. వేసవిలో దోసె పిండి గిన్నెను ఆమె నీళ్ల బేసిన్లో పెట్టి తడిగుడ్డ చుట్టకపోతే, తెల్లారేసరికి పిండి గట్టు దిగి హాల్లోకి వస్తుంది. డిసెంబరులో వికారాబాద్‌లో కథ తిరగబడుతుంది. అనంతగిరి కొండల చలికి మా అక్క అదే పిండికి రగ్గు కప్పి, పొయ్యి పక్కన పడుకోబెడుతుంది. కొడుక్కైనా అంత సేవ చేసిందో లేదో.

"అత్తా, నీ పిండి ఎన్ని డిగ్రీలుంది?" అని వాడు థర్మామీటరు ముంచబోతే మా ఆవిడ గరిట చూపించింది.

తడిగుడ్డకూ ఒక లెక్కుంది. మేలో గాలి పొడిగా ఉంటుంది కాబట్టి రంజన్లో నీళ్లు చల్లబడ్డట్టే డబ్బా కూడా గది కంటే పదేసి డిగ్రీలు తగ్గవచ్చు. జులైలో వాన పడి గాలికి తేమ పట్టిందా, ఆ గుడ్డ ఉత్త గుడ్డే.

నన్ను నవ్వించింది నార్వే సంగతి. ఆ మంచు దేశపు పల్లెల్లో క్వైక్ అనే ఈస్ట్ ఉంది. 35, 40 డిగ్రీల్లో కూడా శుభ్రంగా పని చేస్తుంది. తాండూరులో పుట్టాల్సింది దారి తప్పి అక్కడ పుట్టింది. నెత్తి మాడే ఎండలో ఉన్న మనమేమో చలి కోరే లాగర్‌కు అలవాటు పడ్డాం. మన ఈత కల్లు నయం. గౌడన్న పొద్దున దించింది తియ్యగా ఉంటుంది, మాపటికి పులుస్తుంది, ఇంకా ఉంచితే సిర్క అవుతుంది. పులవద్దనుకుంటే లొట్టికి సున్నం పూస్తారు. థర్మామీటరు అడిగిన గౌడన్నను నేను చూడలేదు.

కాబట్టి ఈ రెండూళ్లలో ఇంట్లో బీరు చేయాలని ఎవరికైనా కోరిక పుడితే, ఎక్సైజ్ వాళ్ల దాకా పోనక్కర్లేదు, మే నెలే పట్టుకుంటుంది. లాగర్ కావాలా, పక్కనే సంగారెడ్డి జిల్లాలో పెద్ద పెద్ద బ్రూవరీలున్నాయి, చల్లదనానికి అయ్యే కరెంటు బిల్లు వాళ్లే కట్టుకుంటారు. చేతులు ఊరుకోకపోతే దోసె పిండి పులియబెట్టండి. దానికి లైసెన్సు అక్కర్లేదు.