నీళ్లు కనిపించే గది

గండికోటలో ఏడు నక్షత్రాల హోటలు వస్తుందట. 2023 జూలైలో ఒబెరాయ్ వారి రిసార్టుకు అప్పటి ముఖ్యమంత్రి జగన్మోహన్ రెడ్డి శంకుస్థాపన చేశారు. ఖర్చు 250 కోట్లన్నారు. ఏడు నక్షత్రాలూ ఒకేచోట చూడాలంటే ఇన్నాళ్లూ మా జమ్మలమడుగోళ్లకు మిద్దెమీద చాప వేసుకుంటే సరిపోయేది.

శంకుస్థాపనలు మాకు కొత్తా? ఉక్కు ఫ్యాక్టరీకని 2007లో బ్రహ్మణి పేరుతో ఒక రాయి వేశారు. 2018లో కంబాలదిన్నె దగ్గర ఒకటి, 2019లో సున్నపురాళ్లపల్లెలో ఒకటి, 2023లో అదే సున్నపురాళ్లపల్లెలో మరొకటి. ముఖ్యమంత్రులు మారారు, కంపెనీలు మారాయి, కొట్టిన కొబ్బరికాయలకు లెక్కలేదు. ఈ శిలాఫలకాలన్నీ పోగేసుంటే గండికోటలోని పెమ్మసాని వారి కోటకు ఇంకో బురుజు లేచేది.

సరే, హోటలు సంగతి. గొప్పంతా కిటికీలోంచి పెన్నేరు కనిపించడంలో ఉంది. ఎర్రమల కొండల్ని నిలువునా కోసుకుంటూ పోయిన లోయ, అడుగున మైలవరం డ్యాము వెనక్కి నిలబెట్టిన నీళ్లు. 1652లో టావెర్నియర్ అనే ఫ్రెంచి వర్తకుడు గోల్కొండ మంత్రి మీర్ జుమ్లాకు ముత్యాలు చూపిద్దామని ఇక్కడికే వచ్చాడు. పాపం, అప్పటికి లోయవైపు గదికి వేరే రేటు పెట్టే తెలివి ఎవరికీ పుట్టలేదు.

అయినా నీటి ఒడ్డున పడక కావాలంటే అంత డబ్బు పోయాలా? తాళ్లప్రొద్దుటూరోళ్లకు ఆ వైభోగం 2020లో ఊరికే దక్కింది. 26.85 టీఎంసీల గండికోట జలాశయంలో నిల్వ పెంచారు. బుకింగు లేదు, అడ్వాన్సు లేదు, నీళ్లే నడిచొచ్చి వాకిలి తట్టాయి. ముందు వీధిలోకి, తర్వాత అరుగు మీదికి, ఆపైన వంటింట్లో పొయ్యి దాకా. రూము సర్వీసంటే అదీ! ఖాళీ చేయాల్సిన టైము కూడా నీళ్లే చెప్పాయి. ముందు పరిహారం తేల్చండయ్యా అని రోడ్డెక్కినవాళ్లే చివరికి ద్వారబంధాలు, తలుపులు పీకి ట్రాక్టర్లకెత్తారు. ఇట్లాంటి అతిథి మర్యాద జరిగిన ముంపు ఊళ్లు మొత్తం ఇరవై రెండు.

నీళ్లొద్దనే పిచ్చోడు సీమలో ఉండడు. ఆ నీళ్లే ఎత్తిపోతలతో చిత్రావతి జలాశయానికి ఎక్కి పులివెందుల చీనీతోటల్ని బతికిస్తున్నాయి, సంతోషం. కానీ చెట్టు మొదలు తడవడానికి ఇల్లిచ్చినవాడు ఆఫీసుల చుట్టూ తిరగాలి, ఆ నీళ్లను చూడ్డానికొచ్చినవాడికి మాత్రం పన్నీరు చల్లాలి. 2024 నవంబరులో కేంద్రం గండికోట సొగసుకు 77.91 కోట్లు మంజూరు చేసింది. లోయ అంచున గుడారాలేసుకునే బెంగళూరు పిల్లలకు, మెడలో బరువు తగ్గని ప్రొద్దుటూరు బంగారం సేట్లకు ఇక దిగుల్లేదు.

నాదొక్క మనవి. హోటలు తెరిచిన నాడు మొదటి రాత్రి గదులన్నీ తాళ్లప్రొద్దుటూరోళ్లకే ఇవ్వండి. కిటికీ తెరిచి తమ ఊరి నీళ్లు ఏ వైపున్నాయో వాళ్లే చూపిస్తారు, గైడు ఖర్చు మిగులుతుంది. బిల్లు అడగడానికి మొహమాటపడకండి. ఎవరికైనా పరిహారం ఇంకా బాకీ ఉంటే అందులో మినహాయించుకోండి.