జుర్రుటకు వ్యుత్పత్తి

1852 నాటి బ్రౌనుదొర నిఘంటువునకు సైతము ఎక్కిన 'జుర్రు' అను క్రియకు సంస్కృత ధాతువులలో మూలము వెదకు పండితులకు ఆ శ్రమ యేల? విస్తటిలో అన్నపురాశి నడుమ గుంట చేసి పోయించుకొన్న చారు, కట్ట తెగి ఆకు చివరకు పరుగిడుచుండగా, వ్రేళ్ళు దగ్గరకు మడిచి, మోచేతికి జారబోవు ధారను అరచేతి గుంటతో పెదవులకు చేర్చి, ఊపిరితోపాటు లోనికి లాగుకొనునప్పుడు వెలువడు నాదమే ఆ మాటకు ధాతువు, అర్థము, ప్రయోగము కూడను. భక్ష్య భోజ్య లేహ్య చోష్య పానీయములని సంస్కృతము ఆహారమును నోటి పనినిబట్టి విభజించి యూరకుండగా, మన తెనుగు చెవియొగ్గి విని, అప్పడమునకు కరకరలను, మజ్జిగకు గటగటలను, చింతకాయకు లొట్టలను, చారునకు జుర్రును ఉదారముగా పంచిపెట్టినది.

ఇప్పుడు నాగరికత ప్రబలినది. పెండ్లివిందులో ప్రక్కనున్న పెద్దాయన పప్పుచారు జుర్రగనే కనుబొమలు ముడిచిన మహాశయుడు, తన సూపును చీమకైన వినబడకుండ చెంచాతో సేవించి, మరుక్షణమే సెల్‌ఫోను స్పీకరు తెరచి, బావమరిదితో ఇంటిస్థలపు తగాదాను పందిరియంతయు వినునట్లు తీర్చుచుండును. చెరువు పూడికతీత సొమ్మును చప్పుడు లేక దిగమ్రింగిన కాంట్రాక్టరుగారును ఆ బల్లయొద్దనే యుందురు; వారి భోజనమర్యాదకు వంకపెట్టగలవాడు ఆ పందిటిలో లేడు.